అనుకూల పక్షం

“కుదరదు పాపా. బిడ్డలు ఇస్కూలుకు పోయే యాళకు ఊరి మీద బాంబు ఏసినోన్ని మంచోడంటే నేను ఒప్పుకోను” అంటూ యెషయా గడ్డిమోపు ఎద్దులు మేసే గాడి పక్కన పడేశాడు.

జెస్సీ తల పట్టుకుంది. గంట నుంచి నాయనతో ఇదే వరస.

రేపు నంద్యాలలో కాలేజీల వక్తృత్వ పోటీ. యుద్ధంలో అణుబాంబు వాడటం న్యాయమా, కాదా అన్నది అంశం. కాదని దంచి పారేద్దామని పిల్ల ఎంతో సంబరపడింది. తీరా చీటీలు తీస్తే అనుకూల పక్షం పడింది. ఖర్మ! పోయిన రెండేళ్ళూ రెండో బహుమతితోనే తిరిగొచ్చింది, ఈ ఏటితో డిగ్రీ అయిపోతుంది, ఇక మళ్ళీ అవకాశం లేదు.

“నమ్మని మాట చెప్తున్నావని నీ గొంతులోనే తెలిసిపోతోంది” అంది కాలేజీలో తర్ఫీదిచ్చే సరస్వతి మేడం. “మీ ఇంట్లో అందరికంటే మొండివాళ్ళెవరో చూసి, వాళ్ళను ఒప్పించి రా. చీటీలో పడిందని మాత్రం చెప్పకు. చెప్తే జాలిపడి తలూపుతారు.”

మొండితనంలో యెషయాను మించినవాడు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎక్కడున్నాడు? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. అన్న సామ్యేలుతో ఉమ్మడి బోరు తగాదా మూడేళ్ళుగా సాగుతోంది. నీళ్ళన్నీ అన్న చీనీ బత్తాయి తోటకే పోతున్నాయి, ఈయన పసుపు పంట నిలువునా ఎండిపోతోంది. చర్చి పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పినా లాభం లేకపోయింది. కూరలో ఉప్పు తక్కువైందన్నా చివరికి మాట ఆ బోరు దగ్గరికే తెస్తాడు. ఈ రోజు మాత్రం ఏ దేవుడు కరుణించాడో, బోరు ఊసే ఎత్తలేదు. జెస్సీకి ఆ ఒక్కటే ఊరట.

“యుద్ధం అట్లే సాగుంటే ఇంకా లక్షల మంది సచ్చేవాళ్ళు నాయనా. రోజూ కొంచెం కొంచెం సచ్చేదానికన్నా ఒక్క దెబ్బతో తేలిపోవడం మేలు గదా?”

“తప్పు చేసింది రాజు. పిల్లోళ్ళేం చేసినారు?”

“వాళ్ళు తినే కూడు ఆ రాజు పెట్టేదే గదా!”

అనేసింది జెస్సీ. ఛీ, ఇదేం మాట! నోరు కడుక్కోవాలనిపించింది. కానీ నాయన ఈసారి కొట్టిపారెయ్యలేదు. గాడి గట్టు మీద కూర్చుని గడ్డిపోచ తుంచుతూ అడిగాడు.

“ముందు మాటలతో చెప్పి సూడలేదా?”

“ఎందుకు చెప్పలేదు? లొంగిపొమ్మని చెప్పినారు. ఇనలేదు.”

“పెద్దమనుషులు గూడా చెప్పినారా?”

“అందరూ చెప్పినారులే నాయనా.”

లోపలి నుంచి తల్లి కృపావరమ్మ కేకేసింది. “ఏందీ మీ బాంబుల గోల? పొద్దున్నే బస్సుకు పోవాల్సిన పిల్ల, తిని పండుకోనీ!”

“నువ్వుండమ్మే, పాప చదువుకున్న మాట చెప్తాంది” అని కసిరాడు యెషయా. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “అది సరే పాపా. దెబ్బ తిన్నోళ్ళు ఊరకుంటారా? మళ్ళీ లేసి తిరగబడరూ?”

“యాడ తిరగబడినారు? లొంగిపోయినారు. ఇప్పుడు అమెరికా, జపాను మంచి దోస్తులు. ఒకరికొకరు సాయం చేసుకుంటాండారు.”

“నిజంగానా?” యెషయా ముఖం ఎత్తి చూశాడు. “అంత జరిగినాక గూడా కలిసే ఉండారా?”

“అంత జరిగినాకే కలిసినారు నాయనా!”

“నువ్వు మనసులో నమ్మే చెప్తాండావా?”

లేదని నాలుక చివరిదాకా వచ్చింది. నాకిదంతా పచ్చి దుర్మార్గమనే ఉంది నాయనా, చీటీలో పడిందని చెప్తున్నా, అనాలనిపించింది. ఇప్పుడు అంటే ఇంతసేపు పడిన పాట్లన్నీ బూడిదలో పోసినట్లే.

“నమ్మే చెప్తాండా” అంది.

యెషయా చేతుల దుమ్ము దులుపుకొని లేచాడు.

“సరే పాపా. ఒప్పుకుంటి.”

జెస్సీ ఎగిరి గంతేసింది. పుట్టి బుద్ధెరిగాక నాయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. రాయి కరిగింది, ఇక జడ్జీలెంత!

పోటీలో ఆమె గొంతు ఎక్కడా తొణకలేదు. అవతలి పక్షంలో నందికొట్కూరు పిల్ల పూజిత ఏడ్చినంత పని చేస్తూ వాదించింది. వింటుంటే ఆ మాటలన్నీ తనవేనని, ఎవరో లాక్కుపోయారని జెస్సీకి ఒకటే చిరాకు వేసింది. అయినా మొదటి బహుమతి జెస్సీకే వచ్చింది.

“ఎవరిని ఒప్పించి వచ్చినావే?” అని అడిగింది మేడం.

“మా నాయనను!”

కప్పు ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆళ్లగడ్డ దాకా, అక్కడి నుంచి ఆటోలో ఊరికి వచ్చింది. గెలిచినా మనసు కుదుటపడలేదు. ఇంటికి పోగానే నాయనకు అసలు సంగతి చెప్పెయ్యాలి, అదంతా ఉత్త వాదనేనని నవ్వుకుంటూ చెప్పెయ్యాలి, అనుకుంది.

యెషయా తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. కప్పు చూడగానే ముఖం చేటంత అయింది.

“గెలిచినావా తల్లీ!”

“నీ చలవే నాయనా. అమ్మ యాడ?”

“లోపల పండుకోనుంది. తలనొప్పంట.” చేతులు పంచెకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చాడు. మూడేళ్ళలో అంత నెమ్మదిగా ఉన్న ముఖం ఆమె చూడలేదు. “ఇంక మన కష్టాలు గూడా తీరినట్లే పాపా. బోరు గొడవ ఉండదు. కొన్నాళ్ళు పోతే మీ పెదనాయన, మనం కలిసిపోతాం.”

“నిజంగానా! రాజీ అయినారా?” జెస్సీ సంతోషం పట్టలేక ఆయన చెయ్యి పట్టుకుంది. “ఎట్లా నాయనా?”

“నువ్వు బస్సెక్కినాక, ఆయన చీనీ చెట్లన్నీ నరికేసినా.”