గుడ్డ అవతలి డ్రిల్లు

“ఇప్పుడు తిరగతా ఉండేది పాతదా, కొత్తదా? చెప్పు మామా.”

గుడ్డ అవతలి నుంచి గిరిప్రసాద్ అడిగాడు. డ్రిల్లు ఒక్కసారి జుయ్యిమని ఆగింది.

మునస్వామి కళ్లు మూసుకుని చెవులు రిక్కించాడు. “పాతదే. నా మాదిరే దగ్గతా ఉండాది.”

ప్రశాంతి ఫక్కున నవ్వింది. గిరిప్రసాద్‌కు సామాను అందించే అమ్మాయి ఆమె.

మునస్వామి వడ్రంగి. తిరుపతిలో ఆయన తలుపులు బిగించని వీధి లేదు. ఇంకొకరి చేతిలో డ్రిల్లు ఉండగా తాను ఊరికే ఉండటం ఆయన జన్మలో ఇదే మొదటిసారి. అదీ కళ్ల ముందు అడ్డంగా గుడ్డ కట్టి. తీసేయమని ముందే అడిగి చూశాడు.

“తీస్తే నువ్వు ఊరుకుంటావా? నడుమ చెయ్యి పెడతావు,” అన్నాడు గిరిప్రసాద్. “నా దగ్గర రెండు మిషన్లుండాయి. రెండూ బ్యాటరీవే. సూడకుండా, ఉత్త చెవులతో ఏది మేలో తేల్చు సూద్దాం.”

మునస్వామికి రోషం వచ్చింది. సరేనన్నాడు.

గిరిప్రసాద్ పరాయివాడేం కాదు. చంద్రగిరిలో మునస్వామి కొట్టానికి ఎదురిల్లు వాళ్లది. ఆ రంపంపొట్టులో దొర్లి పెరిగినవాడే. ఇప్పుడు తిరుపతిలో చెయ్యి తిరిగినవాడని పేరు తెచ్చుకున్నాడు. అయినా ఈ పని అతనికి అప్పగించడానికి మునస్వామికి ఒక పట్టాన మనసొప్పలేదు. భార్య వరలక్ష్మమ్మ పోరు పడలేక ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నప్పటి నుంచి కంటి మీద కునుకు లేదు.

డ్రిల్లు మళ్లీ మొదలైంది. ఈసారి లోపలికి దిగుతోంది. బరువుగా మూలిగింది, కాసేపు తేలికపడింది, మళ్లీ మూలిగింది.

“పైన గట్టి, నడుమ మెత్తన, అవతల మళ్లా గట్టి,” అన్నాడు మునస్వామి. “అది దాటినాక ఒక్క నూలు కూడా ముందుకు పోకూడదు. ఆ, ఆ...”

“నువ్వు అనకముందే ఆపేసినా మామా.”

నిజమే. ఆపిన తీరుకు మునస్వామికి ముచ్చటేసింది. కానీ పైకి అనలేదు.

“కాలిన వాసన వస్తా ఉండాది,” అన్నాడు బదులుగా.

“నీళ్లు పోస్తానే ఉండాము. బిట్టు మొద్దుబారింది. మారుస్తా ఉండా.”

కిర్రు, కిర్రు. బిట్టును కరిచిపట్టే మూతిని, అదే చక్‌ని, కీతో విప్పి మళ్లీ కీతో బిగిస్తున్న చప్పుడు. అది వినగానే మునస్వామికి ప్రాణం కుదుటపడింది. ఆయన డ్రిల్లుదీ ఆ రకం చక్కే. కీ పోకుండా పురికొసతో వైరుకు కట్టిపెట్టుకున్నాడు. అయినా పోతూనే ఉంటుంది.

“అట్ల బిగించాల. మూడు పక్కలా కీ పెట్టి తిప్పాల. అప్పుడు జారదు.”

“ఇంగ కొత్తది విను.”

టక్. అంతే.

“ఏందది? బిగించేసినావా?”

“కాలరు ఎనక్కి లాగి బిట్టు పెడితే అదే పట్టుకుంటాది. కావాలంటే మూతి మొత్తం ఊడదీసి ఇంకో మూతి పెట్టొచ్చు. బెజ్జానికొకటి, స్క్రూకొకటి, మూలల్లోకి వంకరదొకటి. కీతో పనే లేదు.”

“బ్యాటరీ నడుమలో సస్తే?”

“ఇంకోటి పట్టుకోని ప్రశాంతి నిలబడుండాది.”

మునస్వామికి నమ్మకం కుదరలేదు. “ఊడొచ్చే మూతి ఊగతాదబ్బా. ఊగితే బెజ్జం పెద్దదైతాది. స్క్రూ నిలవదు.”

“ఊగదు మామా. పందెం.”

“పందేలు ఇంకేడన్నా కట్టుకో. దీనిమీద వద్దు.” “ఇట్లాంటిది బజారుకు పోతే దొరకదు. దీనిమీదే గదా నేను నిలబడుండేది!”



“తెలుసు మామా,” అన్నాడు గిరిప్రసాద్. “చెడనియ్యను. పాతదాంతోనే కానిమ్మంటే దాంతోనే కానిస్తా. నువ్వు చెప్పినట్లే.”

ఆ మాటకు మునస్వామి మెత్తబడ్డాడు.

“కొత్తదాన్ని ఉత్తగా తిప్పు. ఇంటా.”

గిరిప్రసాద్ తిప్పాడు. సన్నని గొంతు. మెల్లగా, తర్వాత జోరుగా, మళ్లీ మెల్లగా. మునస్వామి ఊపిరి బిగబట్టి విన్నాడు. మూతి ఊగితే వచ్చే కటకట ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. దొరికితే బాగుండునని కూడా అనిపించింది. ఇన్నేళ్లు తాను వెనకేసుకొచ్చిన కీ చక్, గుడ్డ అవతల ఓడిపోతోంది.

“కానీ,” అన్నాడు చివరికి. “కొత్తదాంతోనే కానీ.”

కొత్తది గొడవ చేయకుండా దిగింది. టక్, మూతి మారింది. స్క్రూ ఎక్కింది. టక్, మళ్లీ బిట్టు. ఒక్కో స్క్రూకూ మునస్వామి తనలో తానే తల ఊపుకుంటూ పోయాడు. అన్నీ అయ్యాక మిషన్ పక్కన పెట్టిన చప్పుడైంది. గిరిప్రసాద్ ఇప్పుడు స్క్రూలను మరతో కాకుండా చేత్తో తిప్పుతున్నాడు. కుయ్యిమని గట్టి మూలుగు వినిపించింది.

“అద్దీ!” అన్నాడు మునస్వామి సంబరంగా. “ఆఖరి తిప్పు చేతిదే ఉండాల.”

“ఇంతకీ ఏది మేలంటావు?”

“కొత్తదే లేప్పా. నాకూ అట్లాంటిదొకటి తెప్పించు. కీ ఎతుక్కోలేక సస్తా ఉండా.”

“తెప్పిస్తాలే మామా,” అంటూ గుడ్డ పైనుంచి తొంగి చూశాడు డాక్టర్ గిరిప్రసాద్, “ముందు కుట్లేసి వార్డుకు పంపిస్తా, ఎముక అతుక్కునేదాకా ఈ కాలు నేలమీద మోపినావంటే మాత్రం ఊరుకోను.”