వంకర కుట్లు

"నేను మానేస్తున్నానక్కా!" ఎంబ్రాయిడరీ మిషను గోలలో వినపడాలని యోరున్ గొంతు పెంచింది.

"మళ్ళీనా?" హెర్దిస్ తలెత్తలేదు. సూదుల కింద ఫుట్‌బాల్ కుర్రాళ్ళ టోపీలు వరసగా బిగించి ఉన్నాయి. "పోయిన వారం కూడా మానేశావుగా. కాఫీ తాగి తిరిగొచ్చావు."

"ఈసారి నిజం. గురువారం హస్తకళా సంఘంలో నా పనికి పరీక్ష. నెగ్గితే వాళ్ళ కుట్టుశాలలోనే ఉద్యోగం. అందులో చేరినవాళ్ళు మిషను ముట్టుకోకూడదు, అదీ షరతు."

"అబ్బో, ఏం మడి!" హెర్దిస్ మిషను ఆపింది.

మడే మరి. నార్వేలో మే పదిహేను వచ్చిందంటే చాలు, ఎల్లుండి జెండా పండక్కి ప్రతి ఆడదీ బునాద్ ఇస్త్రీ చేసుకుంటుంది. పండగనాడు వీధిలో ఆ పువ్వుల గౌను కనపడగానే పెద్దమ్మలు ముందు జెండా వైపు చూడరు, గౌను అంచు తిరగేసి చూస్తారు. చేతికుట్టయితే ఆవిడ మనిషి. మిషను కుట్టయితే దొంగ. చేపల ఫ్యాక్టరీలో రోజంతా నిలబడి వచ్చినదానికి అయిదు చలికాలాలు కూర్చుని పువ్వులు కుట్టుకునే తీరిక ఎక్కడిది? ఆ మాట సంఘంలో ఎవరూ అడగరు. అక్కడ తీర్పు చెప్పేది అయిదుగురు. అలాంటివాళ్ళకి మిషను మీద పువ్వులు కుట్టిచ్చే ఈ అక్కాచెల్లెళ్ళ కొట్టు ముందునుంచి వెళ్ళాల్సొస్తే ఆ అయిదుగురూ వీధి దాటి అవతలి పక్క నడుస్తారు.

"నన్ను చూసి ఎవరూ వీధి దాటకూడదు," అంది యోరున్. సంచిలోంచి ఒక చిన్న సంచి తీసింది. బునాద్ నడుముకి తగిలించుకునేది. "చలికాలమంతా కూర్చుని చేత్తో కుట్టాను. వేళ్ళు చూడు, జల్లెడలైపోయాయి."

హెర్దిస్ వేళ్ళు చూసింది. సంచి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగుంది," అంది చివరికి. "వెళ్ళు అయితే. నమూనాలు గీసేదానివి నువ్వు, గిరాకీ చూసుకునేదాన్ని నేను. నువ్వు పోతే కొట్టు మూతే. నేనూ పోయి చేపల తలలు కోసుకుంటాను."

"అలా జాలిగా మాట్లాడకు."

"జాలేముంది? నాకు చేపలంటే ఇష్టం."

అంతలో వెనక తలుపు మెల్లిగా తట్టిన చప్పుడు. హెర్దిస్ తీసింది. ముక్కుదాకా శాలువా కప్పుకుని హస్తకళా సంఘం అధ్యక్షురాలు ఓస్లాగ్!

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"మేమే ఉన్నాం."

"మీరు సరే. మనుషులెవరైనా ఉన్నారా?"

లేరని రూఢి చేసుకుని లోపలికొచ్చి నల్లటి పావడా గుడ్డ బల్లమీద పరిచింది. మనవరాలికి చర్చిలో కన్ఫర్మేషన్ వేడుక. ఆరోజు పిల్ల వేసుకునే బునాద్ నా చేత్తో కుడుతున్నానని ఊరంతా చెప్పుకుంది. తీరా చూస్తే కీళ్ళనొప్పులు, వేళ్ళు వంగడంలేదు.

"మిషను మీదే కుట్టండి. కానీ మిషనులా ఉండకూడదు. అక్కడక్కడా తప్పులు పడాలి."

"ఎన్ని తప్పులు?" యోరున్ అడిగింది.

"మర్యాదస్తురాలు చేసేటన్ని."

యోరున్ కంప్యూటర్ ముందు కూర్చుంది. తిన్నగా తప్ప కుట్టడం రాని యంత్రానికి వంకర నేర్పింది. ఒక రేకు కాస్త లావు. ఒక కాడ, సాయంత్రం కళ్ళు అలిసినప్పుడు కుట్టినట్టు, కొంచెం వాలు. ఒకచోట, పొయ్యిమీద బంగాళాదుంపలు చూడ్డానికి లేచి వెళ్ళి మళ్ళీ వచ్చి కూర్చున్నట్టు చిన్న ఎడం. మిషను కుట్టని ఇట్టే పట్టిచ్చే అడుగు తెల్లదారం తీసేసి పైన ఏ రంగో కింద అదే రంగు పెట్టింది.

పని పూర్తయ్యాక ఓస్లాగ్ అంచు తిరగేసింది. కళ్ళు చెమర్చాయి. "అచ్చం నా చెయ్యే!"

ఆవిడ వెనక తలుపులోంచి జారుకోగానే యోరున్ చప్పట్లు కొట్టింది. "ఇంక గురువారం నాకు బెంగలేదు. ఆవిడ గుట్టు నా దగ్గరుంది. ఒప్పుకోక చస్తుందా?"

హెర్దిస్ టోపీల మిషను మళ్ళీ నడిపింది.

గురువారం సంఘం హాల్లో బల్ల వెనక అయిదుగురూ కూర్చున్నారు. కాఫీ, వాఫుల్స్, వాటిమీద గోధుమరంగు చీజ్. యోరున్ కుట్టిన సంచి చేతులు మారింది. తిరగేశారు. భూతద్దం పెట్టారు. గోరుతో గీకారు. వాఫుల్ నమలడం కూడా ఆపేశారు.

"ఒక్క కుట్టు కూడా పక్కకి పోలేదు," అంది ఓస్లాగ్.

యోరున్ సిగ్గుపడి తల వంచుకుంది.

"ఒక్కటంటే ఒక్కటి! మనిషి చెయ్యి ఇలా కుట్టదు. ఇది మిషను పని. చెల్లదు."

మిగతా నాలుగు తలలూ ఒక్క దారానికి కట్టినట్టు ఊగాయి.

యోరున్ చెవులు మండిపోయాయి. ఓస్లాగ్ కాఫీ కూజా నింపుకోడానికి వంటగదిలోకి వెళ్తే వెనకే వెళ్ళి తలుపు ధడాలున మూసింది.

"చేతికుట్టేదో మిషను కుట్టేదో మీకు తెలీదూ? అబద్ధం చెప్పడానికి నోరెలా వచ్చింది? ఆ పావడా సంగతి ఇప్పుడే పోయి ఆ నలుగురి ముందూ కక్కేస్తాను!"

"అరవకే. సంచి చేతికుట్టే. ఇంత మంచి పని నా జన్మలో చూడలేదు."

"మరి?"

"మరేమిటే పిచ్చిదానా! చేర్చుకుంటే నువ్వు మిషను మానెయ్యాలి. అప్పుడు మా అయిదుగురికీ అంత అందంగా తప్పులు కుట్టిపెట్టేదెవరు?"