పుట్టగొడుగుల చోటు

"చెప్పవే కజియా, ఆ చోటెక్కడ? వానలు పడ్డాయి. నువ్వెటూ ఈ ఏడు అడవికి పోలేవు. పుట్టగొడుగులన్నీ పురుగుల పాలవ్వాలా?" మంచం పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది పొరుగింటి స్తాసె.

"పిన్నీ, కాస్త సిగ్గుండాలి!" కజియా కూతురు నియోలె చేతిలోని సూపు గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది. "అమ్మ ఆస్పత్రి నుంచి వచ్చి వారమైనా కాలేదు."

వేసవిలో కజియా మెదడులో నరం చిట్లింది. రక్తం ఆగిందనుకునేలోగా తలలో నీరు చేరింది. గొట్టం వేసి ఆ నీటిని కడుపులోకి మళ్లించారు. మనిషి దక్కింది, తెలివి ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. మాటలైతే వచ్చాయి. కానీ నిన్నటికి నిన్న చెంచాని తలుపు అంది. నియోలెని చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది.

"కాలిపోయిన మిల్లుంది చూడు," అంది కజియా నెమ్మదిగా. "అది దాటి... ఎడమకి. మూడు బిర్చి చెట్లు. వాటి వెనకాల."

స్తాసె ఇంకో మాట వినకుండా బుట్ట కోసం పరుగెత్తింది.

మా లిథువేనియా పల్లెల్లో ఇంటిగుట్టయినా బయటపెడతారు గానీ పుట్టగొడుగుల చోటు మాత్రం చెప్పరు. కజియా కన్నకూతురికే చెప్పలేదు. తెల్లారకముందే వెళ్లి, బుట్ట మీద ఆకులు కప్పుకుని, వేరే దారిన ఇల్లు చేరేది. ఆ అమ్మే ఇలా నోరు జారిందంటే ఇంకేం మిగిలింది? నియోలె వంటగదిలోకి వెళ్లి కుమిలి కుమిలి ఏడ్చింది.

సాయంత్రం స్తాసె తిరిగొచ్చింది. నడుం దాకా బురద, ఒక కాలికి బూటు లేదు, చేతుల నిండా దురదగొండి దద్దుర్లు.

"పుట్టగొడుగులు కాదు కదా, అక్కడ నేలే లేదు! అంతా ఊబి!" ఖాళీ బుట్ట విసిరికొట్టింది. నియోలె వైపు జాలిగా చూసింది. "మీ అమ్మ బుర్ర పూర్తిగా పోయిందమ్మా. పాపం."

కుంటుకుంటూ వెళ్లిపోయింది. వీధి తలుపు పడగానే మంచం కిర్రుకిర్రుమంది. కజియా నవ్వు ఆపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకుంటోంది.

"అమ్మా?"

"స్తాసె కొత్తగా కాపురానికొచ్చినప్పుడూ ఇలాగే అడిగితే, దాన్ని ఆ ఊబిలోకే పంపాను నియోలే. మళ్లీ వెళ్లింది చూడు!" కళ్లు తుడుచుకుంది కజియా. "పాపం, వాళ్లాయనతో చెప్పి దాన్నో మంచి డాక్టరుకి చూపించమనవే."