వానపాట వచ్చే వైపు

పాత సినిమా పాటలు ఇప్పుడు ఆటల్లో తప్ప ఇంకెక్కడా వినిపించవు. ఊరంతా ఆడే యుద్ధం ఆటలో శత్రువు దగ్గరకొస్తే తొంభైల నాటి వానపాట ఒకటి మొదలవుతుంది. పాట వచ్చే వైపే శత్రువు ఉంటాడు. చప్పున ఏదో ఒక చాటుకు ఒళ్లు దాచుకుని, చేతిలోని మీటను బొటనవేలితో నొక్కి అటు కాల్చాలి. పసితనం నుంచీ ఆడినవాళ్ల చేతులు ఇక మనసును అడగవు.

మేఖల కూడా అలా పెరిగినదే. ఆ ఉదయం ఆమె అమ్మమ్మ సుభాషిణికి రాగిజావ తాగిస్తోంది. మంచాన పడ్డప్పటి నుంచి అమ్మమ్మ ఎవరితోనూ మాట్లాడడం లేదు. అలాంటిది, బయట చినుకులు మొదలవగానే కిటికీ వైపు చూసి సన్నగా పాట అందుకుంది.

అదే వానపాట. వయసులో ఉన్నప్పుడు ఆవిడ కోరస్‌లో పాడిన పాట.

మేఖల గిన్నె విసిరేసి మంచం కిందకు దూరింది. పక్కనే మందులు సర్దుతున్న నర్సు ఝాన్సీ తలుపు చాటుకు ఉరికింది.

పాట ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా లేచారు. జావ అమ్మమ్మ చీర మీద కారుతోంది.

"నా గొంతు అంత పాడైపోయిందా తల్లీ?" అంది ఆవిడ.

"అయ్యో, లేదమ్మమ్మా! చాలా బాగుంది. ఇంకోసారి పాడవూ?"

అమ్మమ్మ నమ్మింది. కళ్లు మూసుకుని మళ్లీ అందుకుంది.

మేఖల రెండు చేతులూ తొడల కింద అదిమిపెట్టి కూర్చుంది. ఆమె చూపు గదంతా వెతికి, పాట వచ్చే వైపు, అమ్మమ్మ మీద ఆగింది. సిగ్గుతో కళ్లు మూసుకుంది.

తొడ కింద బొటనవేలు మాత్రం నొక్కుతూనే ఉంది.