సగం ఖాళీ బండి

"శవాన్ని పెట్టే బాక్సు నా బండెక్కదు గౌతమీ. ఇంక అడగొద్దు," అన్నాడు నాగమల్లేశ్వరరావు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని.

బండి ఇంకా బాపట్ల దాటలేదు. వెనక పెళ్ళి బట్టల మూటలున్నాయి. పేరాలలో తెల్లవారుజామున మగ్గం దిగిన మధుపర్కాలు, వాటితోపాటు చుట్టాలకు పెట్టే చీరలు, పంచెలు. రేపల్లెలో వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారి అమ్మాయి పెళ్ళి, ముహూర్తం ఈ మధ్యాహ్నమే. ఈ మూటలు అందకపోతే పెళ్ళి ఆగినంత పని అవుతుంది.

మల్లేశ్వరరావు కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అతనికే గుర్తులేదు. తెనాలిలో ఇల్లు. ఉన్నది ఒకటే బండి. దానికి ఓనరూ తనే, డ్రైవరూ తనే, మూటలు మోసే కూలీ తనే. అర్జెంటు సరుకు ఎవరికి ఎక్కడికి పంపాలన్నా ఫోను మాత్రం గౌతమికి వస్తుంది. ఆవిడ ఇంట్లో బెండకాయలు తరుక్కుంటూ ఇతను ఏ రోజు ఏ ఊరు తిరగాలో తేల్చేస్తుంది. వ్యాపారం బాగుపడాలంటే బండిలో ఒక్క మూల కూడా ఖాళీగా పోకూడదని ఆవిడ సిద్ధాంతం. సిద్ధాంతాలకి నడుంనొప్పి ఉండదు కదా.

ఇప్పుడావిడ చెబుతున్నదేంటంటే, పిట్టలవానిపాలెంలో ఒక పెద్దాయన పోయాడు. బాపట్లలో ఫ్రీజర్ బాక్సు దొరికింది, తీసుకెళ్ళడానికి బండి దొరకలేదు. పెళ్ళిళ్ళ రోజులు, ఉన్న బండ్లన్నీ బాడుగలకి పోయాయి. మన బండి ఎలాగూ ఆ దారినే పోతోంది, పైగా సగం ఖాళీ.

"దారి సరే. పక్కనున్న లోడేంటో చూడవా? పెళ్ళి బట్టలతో కలిపి దాన్ని తెచ్చానని తెలిస్తే రేపట్నుంచి మనల్ని ఎవరు పిలుస్తారు?"

అతని భయంలో తప్పు లేదు. చావింటికి వెళ్ళే బండి అని ఒక్కసారి పేరు పడితే, పసుపు రాసి దండ వేసి నిలబెట్టినా పెళ్ళివారు దాని మొహం చూడరు. పెళ్ళిళ్ళ సీజను పోతే అతనికి ఏడాది పోయినట్టే.

"ఎండలు ఎలా ఉన్నాయో మీకే తెలుసు. పోయింది వాళ్ళ నాన్నట. ఆ కొడుకు ఏడుపు ఆపుకుంటూ మాట్లాడాడండి," అంది గౌతమి మెల్లిగా.

అక్కడితో అతను ఓడిపోయాడు. వాదించే ఓపిక లేక అప్పటికే సగం ఓడి ఉన్నాడు.

మధుపర్కాల మూటనీ మిగతా మూటల్నీ ముందు క్యాబిన్లోకి మార్చి, గేరు మార్చడానికి మాత్రం చోటు మిగుల్చుకున్నాడు. బాక్సుని వెనక ఎక్కించి చుట్టూ టార్పాలిన్ కప్పి తాడు బిగించాడు. చూసినవాళ్ళు బీరువా అనుకుంటే బాగుండునని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

పిట్టలవానిపాలెంలో ఆ ఇంటి ముందు టెంటు లేదు, కుర్చీలు లేవు, జనం లేరు. గడపకి పసుపు పచ్చగా ఉంది. గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు. ఏదో శుభకార్యం పెట్టుకున్నట్టున్నారు, పాపం అనుకున్నాడు. ఫోను చేసిన కొడుకే కాబోలు, పెరటి వైపు రమ్మని సైగ చేశాడు. ఇద్దరూ చెరోవైపు పట్టి చప్పుడు కాకుండా బాక్సు దించి, ప్లగ్గు పెట్టి చల్లబడేదాకా చూశారు. లోపల ఒక ముసలావిడ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది. ఏడుపు బయటికి రాని చావిల్లు మల్లేశ్వరరావు ఎన్నడూ చూడలేదు.

చందోలు దాటాక కాలవ దగ్గర బండి ఆపి, తలారా నీళ్ళు పోసుకున్నాడు. బకెట్లతో బండినీ కడిగాడు. మూటలు మళ్ళీ వెనక సర్ది, తడి చొక్కాతోనే స్టీరింగు పట్టుకున్నాడు.

రేపల్లెలో పెళ్ళిపందిరి సన్నాయితో మోగిపోతోంది. పెళ్ళికూతురి తల్లి భ్రమరాంబగారు ఎదురొచ్చి మధుపర్కాలు అందుకుని కళ్ళకద్దుకుంది. అతను తలదించుకుని ఇంకో మూట అందుకున్నాడు.

"బండంతా తడిగా ఉందేంటి బాబూ?" అని అడిగిందావిడ.

దుమ్ము పడితే కడిగానన్నాడు. ఆవిడ నమ్మింది. నమ్మినందుకు అతనికి ఇంకా సిగ్గేసింది.

ఆఖరి మూట దించుతుంటే కొత్త పట్టుపంచెలో వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారు గబగబా వచ్చారు. అతని చెయ్యి పట్టుకుని బండి చాటుకి తీసుకెళ్ళారు. ఎవరో చూశారు, చెప్పేశారు అనుకున్నాడు మల్లేశ్వరరావు. బండి, పేరు, సీజను అన్నీ ఒక్కసారే మునిగాయి. కాళ్ళ మీద పడిపోదామని వంగాడు.

"తప్పయిపోయిందండి మాస్టారూ. ఆ కొడుకు ఏడుస్తున్నాడంటే కాదనలేకపోయాను…"

మాస్టారు భుజం పట్టి లేపారు.

"బాక్సు చల్లగా పనిచేస్తోందా బాబూ?"

మల్లేశ్వరరావు తల ఊపాడు.

"ఊళ్ళో బండయితే చుట్టాలందరికీ తెలిసిపోయేది. మధుపర్కాలు నీ బండిలోనే ఉన్నాయని, నువ్వూ బయటికి చెప్పుకోలేవని తెలిసే, మావాడికి మీ ఆవిడ నంబరు నేనే ఇచ్చాను."

కన్యాదానానికి వేళవుతోందని పందిట్లోంచి పురోహితుడు కేకేశాడు. మాస్టారు కండువాతో కళ్ళు ఒత్తుకుని, ఆ కండువానే సరిచేసుకుని అటు తిరిగారు.

"పోయింది మా అన్నయ్య. కబురు చెవిన పడితేనే కదా మైల. మూడు ముళ్ళూ పడేదాకా నువ్వు చెప్పలేదు, నేను వినలేదు."