జ్వరం తగ్గిన రాత్రి

కాలి పుండుకు కట్టు మార్చాలి, జావ తాగించాలి, తొమ్మిదింటికి మాత్ర వెయ్యాలి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్‌లో అక్సా అన్నీ చేసింది. నాన్న జీవరాజుకు జ్వరం దిగిందని, ప్రార్థనకు వచ్చినవాళ్లు స్తుతిపాట పాడి వెళ్లిపోయారు.

ఇంట్లో ఆయన ఊపిరి చప్పుడొక్కటే మిగిలింది. అది మరీ వేగంగా ఉంది.

"మేబెల్, తలుపు దగ్గర ఎంతసేపు నిలబడతవ్? లోపలికి రా," అన్నాడాయన ప్రేమగా.

మేబెల్ అక్సా తల్లి. పోయి ఆరేళ్లయింది.

అక్సా తలుపు వైపు చూడలేదు. నాన్న చెయ్యి పట్టుకుంది. చల్లగా, చెమటగా ఉంది. పొద్దుటి నుంచి ఆయన మూత్రానికే లేవలేదు. ఇది నయం కావడం కాదు, పుండు విషం రక్తానికెక్కడమని తెలిసి 108కి ఫోన్ చేసింది.

"అమ్మ ఆగుతది నాన్నా. నువ్వు నాతో మాట్లాడు."

"పిలిచి ఆగమంటే ఏం బాగుంటదే?" అని నవ్వాడు.

అంబులెన్స్ ఇంకా రాలేదు. తలుపు బయటి గొళ్లెం మాత్రం మెల్లగా కదిలింది.

ఈ రాత్రి మీ ప్రార్థనలో జీవరాజును జ్ఞాపకం చేసుకోండి.