ఒకటో నాడి

“కళ్ళు మూసుకోండి. ఒక ముక్కు రంధ్రం వేలితో నొక్కి పట్టి, ఈ సీసా వాసన చూసి చెప్పండి,” అంది కర్‌స్టన్.

బల్ల మీద కూర్చున్న లెస్టర్ నిజమైన రోగి కాడు. అమెరికాలోని డలూత్‌లో సిటీ బస్సు నడిపి రిటైరయ్యాక, వైద్య విద్యార్థుల పరీక్షల్లో రోగిగా నటిస్తుంటాడు. ఇవాళ్టి వేషం తలనొప్పి.

“కాఫీ,” అన్నాడు. రెండో వైపూ చూశాడు. “ఇటూ కాఫీయే. హమ్మయ్య! ఇందాకటి నుంచి మాడిన పాప్‌కార్న్ కంపుతో చస్తున్నా.”

మూలన నుదురు రుద్దుకుంటూ పాప్‌కార్న్ నములుతున్న ఎగ్జామినర్ డాక్టర్ హాల్వర్సన్ తల ఎత్తాడు. “మాడిందెక్కడ? స్వయంగా నేనే చేశా. లక్షణంగా ఉంది.”

“మీ ఇష్టం డాక్టరు గారూ. బొగ్గులు నమిలేవాళ్ళకి అడ్డు చెప్పడానికి నేనెవర్ని?”

కర్‌స్టన్ నవ్వు ఆపుకుని మెదడు నుంచి వచ్చే మిగతా పదకొండు కపాల నాడులూ చూసింది. చూపు, ముఖం, వినికిడి, నాలుక. తర్వాత స్పర్శ తెలుస్తోందా అని కాళ్ళ మీద సూది మొన, దూది. ఎక్కడా తడబాటు లేదు. ఈ పరీక్ష పోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. ఆ భయాన్ని మాత్రం చేతుల్లోకి రానీలేదు.

హాల్వర్సన్ లేచి వచ్చాడు. “అమ్మాయ్, ముప్పై ఏళ్ళుగా ఇక్కడ అందరం ‘రెండు నుంచి పన్నెండు వరకు సవ్యం’ అని రాసి సంతకం పెడుతున్నాం. వాసన చూసే ఒకటో నాడిని పట్టించుకున్న పాపాన ఎవడూ పోలేదు. నీకెందుకొచ్చిన తిప్పలు?”

“పన్నెండున్నప్పుడు పన్నెండూ చూడాలి కదా సార్.”

“ఏదీ, ఆ సీసా ఇటివ్వు.” మూత తీసి అటొకసారి, ఇటొకసారి గట్టిగా పీల్చాడు. ముఖం చిట్లించాడు. “ఇందులో ఏముంది, మట్టి! లెస్టర్, కాఫీ అనమని ఈ పిల్ల నీకు ముందే చెప్పిందా?”

“నాకెవరూ ఏం చెప్పలేదు. పదకొండేళ్ళలో నా ముక్కు జోలికి వచ్చిన మొదటి మనిషి ఈవిడే.”

“పాడైన పొడితో పరీక్ష చేసినట్టు నటించడం మోసం. మోసానికి నా దగ్గర ఒకటే మార్కు, సున్నా.” కలం తీసి, మార్కుల కాగితాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. “ఈ ఏడాది మూడోసారి మార్చాను అద్దాలు. అయినా అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కళ్ళ డాక్టర్లంతా శుద్ధ మొద్దులు.”

 పొద్దున్నే కర్‌స్టన్ తన చేత్తో కాఫీ గింజలు మరలో వేసి పట్టిన పొడి అది. సీసా అందుకుని తనూ వాసన చూసింది. ఘుమఘుమలాడుతోంది.

ఆమె చూపు మూలనున్న పాప్‌కార్న్ సంచీ మీద పడింది. అక్కణ్ణుంచి ఆయన ఇందాక రుద్దుకున్న నుదుటి మీదికి, కొత్త అద్దాల మీదికి వచ్చింది. సున్నా చుట్టబోతున్న ఆయన చేతిలోంచి కలం మెల్లగా తీసుకుంది. లెస్టర్‌ని బల్ల దిగమని సైగ చేసి, ఆయన్ని అక్కడ కూర్చోబెట్టింది.

“వాసనలు తెలియక ఎన్నాళ్ళయింది సార్?”